హస్తవాసి

తెలుగు భోజనాన్ని నడిపించేది ఒక చిన్న ప్రత్యయం: "లోకి". పప్పులోకి ఇంకాస్త అన్నం, చారులోకి కొంచెం, మజ్జిగలోకి ఒక్క హస్తం. "ఇవాళ అన్నంలోకి ఏం చేశారు?" అని పక్కింటావిడ అడిగితే ఆ ప్రశ్నలో అన్నం గురించి సందేహమేమీ లేదు. అది ఎలాగూ ఉంటుంది. తెలియాల్సింది దానిలోకి ఏమిటన్నదే. వంకాయైనా గోంగూరైనా, చేపైనా కోడైనా అన్నంలోకి వచ్చిపోయే చుట్టాలే. ఇల్లు మాత్రం అన్నానిది.

ఈ సంగతి ఒక కూతురికి తట్టింది ఒక మధ్యాహ్నం, వంటింటి గట్టు మీద చిన్న త్రాసు పెట్టుకుని నాన్నగారి కంచం తూచినప్పుడు. ఆయనకు డెబ్భై దాటాయి. గోదావరి జిల్లా బళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆ మధ్య హైదరాబాదులో కూతురి ఇంటికి వచ్చినప్పుడు రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 7.9 అని తేలింది. డాక్టరు మాత్రలు రాసి, కింద మూడు ముక్కలు రాశాడు: అన్నం తగ్గించాలి, ప్రోటీన్ పెంచాలి, నూనె తగ్గించాలి. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కూతురికిచ్చి, "ఎంత అన్నది రాయలేదేవమ్మా," అన్నారు. లెక్కల మాస్టారికి పరిమాణం లేని లెక్క ఇస్తే ఎలా చేస్తారు?

అందుకే త్రాసు. రోజూ ఎలా తింటారో అలాగే వడ్డించమని అమ్మకు చెప్పి, ప్రతి వడ్డనా తూచి రాసుకుంది. పప్పులోకి, బెండకాయ వేపుడులోకి, చారులోకి, పెరుగులోకి నాలుగు దఫాలు వడ్డించిన అన్నం 520 గ్రాములు. బియ్యంగా లెక్కేస్తే దాదాపు 180 గ్రాములు. అందులో పిండిపదార్థం సుమారు 140 గ్రాములు, మాంసకృత్తులు 14. రెండు చిన్న గరిటెల టమాటా పప్పులో పడిన కందిపప్పు 15 గ్రాములకు మించదు, అంటే మాంసకృత్తులు మూడు గ్రాముల పైచిలుకు. పెరుగు నుంచి మరో మూడు, కూర నుంచి ఒకటో రెండో. మొత్తం ఇరవై రెండు. ఆ పూట ఆయనకు అందిన మాంసకృత్తుల్లో సగానికి పైగా అన్నం నుంచే వచ్చాయి! అన్నం ఆయన కంచంలో పిండిపదార్థం పనీ, పప్పు చెయ్యాల్సిన పనీ ఒంటి చేత్తో చేస్తోంది. ఇన్నేళ్ళూ అలాగే చేసింది. దాన్ని ఒక్కసారిగా దోషిగా నిలబెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

తిండిని అంకెల్లోకి మార్చే పని ఎక్కడ మొదలైందో వెతికితే అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, మిడిల్‌టౌన్ అనే ఊరు కనిపిస్తుంది. 1890లలో అక్కడి వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్వాటర్ మనిషి పట్టేంత గదిని బిగించి, అందులో మనుషులను రోజుల తరబడి ఉంచి, తిన్నదెంతో, ఒళ్ళు వదిలిన వేడి ఎంతో కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4 కిలో కేలరీలు, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము కొవ్వుకు 9 అని ఈ రోజుకీ ప్రతి బిస్కెట్ పొట్లం వెనక అచ్చయ్యే లెక్కకు మూలం ఆయన పనే. కొవ్వుకున్న ఆ తొమ్మిది చూస్తేనే తెలుస్తుంది, వేపుడు మూకుట్లో "ఇంకో గరిటెడు" నూనె ఎంత బరువైన మాటో.

ఈ అంకెలు ప్రయోగశాలకు సరిపోతాయి, వంటింటికి కాదు. చక్కెర జబ్బున్న మనిషి రోజూ పరీక్ష రాస్తున్నట్టు అన్నం తినలేడు. ఆ ఇబ్బందిని గుర్తించి 1950లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అక్కడి ఆహార నిపుణుల సంఘం, ప్రజారోగ్య విభాగం కలిసి మార్పిడి పట్టికలు తయారుచేశాయి. ఆలోచన చాలా సులువు. తిండిని ఒకే విలువ గల వాటాలుగా విడగొట్టడం. పిండి వాటా ఒకటంటే 15 గ్రాముల పిండిపదార్థం: ఒక బ్రెడ్డు ముక్క గానీ, మూడో వంతు కప్పు అన్నం గానీ. మాంసం వాటా ఒకటంటే 7 గ్రాముల మాంసకృత్తులు, గుడ్డు కూడా ఆ లెక్కలోదే. కొవ్వు వాటా ఒకటంటే 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. రోజుకు ఏ రకం వాటాలు ఎన్నో వైద్యుడు చెబితే, వాటిని ఏ రూపంలో తినాలన్నది తినేవాడి ఇష్టం. నోటుకు చిల్లర మార్చుకున్నట్టు.

ఈ పద్ధతి మాస్టారికి నచ్చింది. కాగితం తీసుకుని 140ని 15తో భాగించి, "ఒక్క పూటకి తొమ్మిది వాటాలు దాటిపోయాయమ్మా," అన్నారు గంభీరంగా. పిల్లల పేపర్లో తప్పు పట్టుకున్నప్పటి గొంతు అది.

అయితే కొలతకు త్రాసు కావాలా?

తెలుగువాడి చేతిలోనే ఒక కొలతల పెట్టె ఉంది. చిటికెడు, గుప్పెడు, పిడికెడు, పుడిసెడు, చారెడు, దోసెడు. వేళ్ళ కొసల నుంచి రెండరచేతుల దాకా, ఉప్పు నుంచి ధాన్యం దాకా, దేనికి ఏ కొలతో భాషే చెప్పేస్తుంది. ఆకలన్నవాడికి పెట్టేది పట్టెడన్నం. అందమైన కళ్ళు కూడా మనకు చారెడేసి ఉంటాయి. దుకాణంలో, కళ్ళంలో గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం ఉండేవి. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక, నాలుగు మానికలైతే కుంచం. ఎసట్లోకి బియ్యం సోలతో కొలిచి, పైన ఒక గుప్పెడు వేసేది ఆమె నాయనమ్మ. ఆ గుప్పెడు వేళకాని వేళ గుమ్మంలోకొచ్చే మనిషి కోసం. ఇప్పుడు అలా వచ్చేవాళ్ళు తగ్గారు. గుప్పెడు వేసే అలవాటు మాత్రం పోలేదు. ఆ మిగులు ఇంట్లోవాళ్ళ కంచాల్లోకే చేరుతోంది.

చేతి కొలతలోని గొప్పదనం ఏమిటంటే అది మనిషిని బట్టి మారుతుంది. భారీ మనిషి పిడికిలి పెద్దది, పిల్లవాడి పిడికిలి చిన్నది. ఎవరి వాటాను వారి చెయ్యే నిర్ణయిస్తుంది. ఇప్పటి ఆహార నిపుణులు చాలామంది దాన్నే వాడుతున్నారు. ఒక పూటకు పిడికిలంత అన్నం, చేపో కోడో అయితే అరచేతి వెడల్పూ మందమూ ఉన్న ముక్క, కూరగాయలు దోసెడు, నూనె నెయ్యి కలిపి బొటనవేలి పై కణుపంత. మంచి వైద్యుణ్ణి హస్తవాసి గలవాడంటారు తెలుగులో. అన్నం వడ్డించే గరిటెను చాలా ఇళ్ళలో హస్తమనే అంటారు. ఆ రెండు మాటలూ ఒకే చోట కలిసే పద్ధతి ఇదని ఆమెకనిపించింది.

మరి అన్నం మన కంచంలో ఇంత చోటు ఎలా ఆక్రమించింది? తిండిపోతుతనం వల్ల మాత్రం కాదు. 1832–33లో వచ్చిన నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊళ్ళకు ఊళ్ళుగా ఖాళీ చేసింది. అటువంటి కరువుల తర్వాతనే 1847లో ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. గోదావరి నీళ్ళు కాలవల్లోకి మళ్ళాయి, డెల్టా అంతా వరి మడి అయింది. మెట్టసీమల కథ వేరు. రాయలసీమలో రాగి సంగటి, కొర్రన్నం, తెలంగాణలో జొన్నరొట్టె, గటక. వరి అన్నం చాలా ఇళ్ళలో పండక్కి వండేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. తెల్లన్నం రోజూ తినగలగడం ఒక తరం మొత్తానికి గౌరవంగా తోచింది. అంబలి తాగి పెరిగిన మనిషి తన పిల్లల కంచంలో తెల్లటి అన్నం చూసి పొందిన తృప్తిని ఈ రోజు చార్టు పట్టుకుని తప్పనడం అన్యాయం. అన్నాన్ని మొదట మన కంచంలో రాశిగా పోసింది ఆకలి జ్ఞాపకమే.

దానికి ఇంకో పక్కా ఉంది. అది హైదరాబాదులోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకలో కనిపిస్తుంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న విభాగం ప్రారంభించాడు. దాని పని బెరిబెరి రోగం గుట్టు విప్పడం. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టి, తవుడుతోపాటు బి1 విటమిన్‌ను వదిలేసుకున్న చోట వచ్చే జబ్బు అది. ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ ఉండేది. తెల్లన్నం చేసిన చేటును వెతకడానికి పుట్టిన ఆ విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది.

ఆ సంస్థ చరిత్రలో ఒక ఘట్టం ఆమెకు మరీ ఇష్టం. 1960లలో పేద దేశాల పిల్లల జబ్బులకన్నిటికీ ప్రోటీన్ కొరతే కారణమని ప్రపంచమంతా నమ్మింది. ప్రోటీన్ పొడులు, ప్రోటీన్ బిస్కెట్లు చేసి పంపే ఉద్యమం నడిచింది. ఆ రోజుల్లో సంస్థకు సారథి డాక్టర్ సి. గోపాలన్. ఆయన, ఆయన సహచరులు పిల్లలు నిజంగా ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో చూసి, అసలు లోటు మొత్తం తిండిలోనే ఉందన్నారు. అన్నమూ పప్పూ కలిపిన ఇంటి తిండి కడుపు నిండా దొరికితే మాంసకృత్తులూ చాలావరకు వాటంతటవే సమకూరతాయి, ముందు కడుపు నిండనివ్వండి అన్నది వాళ్ళ వాదన. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఆ ప్రోటీన్ ఉద్యమాన్ని పెద్ద వైఫల్యంగా తేల్చి రాశాడు. హైదరాబాదు మాట నిలిచింది.

అదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. ముందు చెప్పినదానికి ఇది విరుద్ధమనిపించవచ్చు. కాదు. అప్పుడు కంచం సగం ఖాళీ, ఇప్పుడు ఒకవైపే నిండింది. భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశస్థుల శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ అధ్యయనమే 2023లో మధుమేహం ఉన్నవారి సంఖ్యను 10.1 కోట్లుగా లెక్కగట్టింది. పొలం పని, బావి నీళ్ళు, కాలినడక ఉన్నప్పుడు ఆ అన్నం ఖర్చయ్యేది. ఆఫీసు కుర్చీ, లిఫ్టు, స్కూటరు వచ్చాక జీవితం మారింది. కంచం మారలేదు.

ఆ మార్గదర్శకాల్లో రోజుకు 2000 కిలో కేలరీల కంచం ఎలా ఉండాలో ఉంది. పచ్చి సరుకు బరువుల్లో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులో గుడ్లో మాంసమో 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె నెయ్యి 27. ఇందులో అన్నాన్ని బహిష్కరించింది ఎక్కడా లేదు. బియ్యమూ పప్పూ మూడుకు ఒకటి పాలులో ఉంటే చాలు, ఒకదానిలో తక్కువైన అమైనో ఆమ్లాలను రెండోది పూరిస్తుంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో అది సమృద్ధి. పప్పులో గంధకమున్న అమైనో ఆమ్లాలు తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. పప్పన్నం ఒక మంచి కాపురం. ఆ ఇద్దరిలో ఒకరి మాటే చెల్లడం మొదలైనప్పుడు చిక్కు వస్తుంది.

బయటి పద్ధతులను యథాతథంగా తెచ్చుకున్నా చిక్కే. 1995లో అమెరికాలో బారీ సియర్స్ రాసిన పుస్తకంతో జోన్ అనే ఆహార పద్ధతి పేరుకెక్కింది. శక్తిలో 40 శాతం పిండిపదార్థం, 30 శాతం మాంసకృత్తులు, 30 శాతం కొవ్వు ఉండాలంటుంది అది. ప్రతి పూటా మూడింటినీ కలిపి వాటాలుగా తినాలన్నది అందులోని మంచి ఆలోచనే. కానీ 2000 కిలో కేలరీలలో 30 శాతమంటే 150 గ్రాముల మాంసకృత్తులు. కందిపప్పు నుంచే తీసుకోవాలంటే రోజుకు ముప్పాతిక కిలోకు దగ్గర, గుడ్ల నుంచైతే పాతిక. మాంసం ముట్టని ఇంట్లో అది జరిగే పని కాదు, తినే ఇళ్ళలోనూ అంత అవసరం లేదు. 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి దాదాపు 46 గ్రాములు చాలునని మన పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. తెలుగు నేల మీదే కొన్నేళ్ళ కిందట అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె గ్లాసుల్లో పోసుకుని తాగిన కాలం ఒకటి నడిచింది. బరువు తగ్గినవారు ఉన్నారు. కానీ పెళ్ళి బంతిలో, తద్దినం భోజనంలో, చంటిపిల్ల పుట్టినరోజు నాడు అందరి మధ్యా వేరుగా కూర్చోవాల్సి వచ్చే పద్ధతి ఎన్నేళ్ళు నిలుస్తుంది? తిండి పదిమందితో పంచుకునేది. ఆ పంక్తిలోంచి మనిషిని లేపేసే ఏ పద్ధతినీ ఆమె తన తండ్రి మీద పెట్టదలచుకోలేదు.

కాబట్టి మొదట మారింది వంట. పప్పు చిక్కబడింది. ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ మొత్తం లెక్కకు కీలకం ఇక్కడే ఉంది. చిన్న గిన్నెడు ముద్దపప్పులో కందిపప్పు యాభై గ్రాములకు దగ్గరగా ఉంటుంది, అంటే మాంసకృత్తులు పది గ్రాములు. అదే గిన్నెడు పప్పుచారులో రెండు మూడు గ్రాములు ఉంటే గొప్ప. గిన్నె ఒకటే, పేరులోనూ పప్పు ఉంది, లోపలిది మాత్రం నీళ్ళు. అన్నప్రాశన నాడు పసిబిడ్డకు పెట్టే ముద్దలో పప్పు, అన్నం, నెయ్యి ఎంత చక్కగా కలుస్తాయో గమనిస్తే ఆశ్చర్యమేస్తుంది. బిడ్డ పెరిగేకొద్దీ అన్నం పెరుగుతుంది, పప్పు పలచబడుతుంది, చివరకు ఇంటి యజమాని వయసొచ్చేసరికి చారు మిగులుతుంది.

పొద్దున ఉప్మాకు బదులు వారంలో మూడు రోజులు పెసరట్టు. మినప ఇడ్లీ మానలేదు గానీ నాలుగు కాస్తా రెండయ్యాయి, పక్కన ఉడికించిన గుడ్డు చేరింది. సాయంత్రం జంతికల డబ్బా స్థానంలో గుప్పెడు వేయించిన పల్లీలు. ముప్పై గ్రాముల పల్లీల్లో ఏడు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కానీ పద్నాలుగు గ్రాముల కొవ్వు కూడా ఉంటుంది. అందుకే గుప్పెడు. డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. ఆవకాయ నూనె, తిరగమోత నూనె, వేపుడు నూనె వేరువేరుగా చూస్తే కొంచెమే, కలిపితే 27 గ్రాములు మధ్యాహ్నానికే అయిపోతాయి. దీనికి ఆమె దగ్గరున్న ఉపాయం ఒక్కటే. నెలకు మనిషికి 800 గ్రాముల నూనె, నెయ్యి మించకుండా సరుకుల చీటీ రాయడం. సీసా చిన్నదైతే మూకుడు దానంతటదే దారికొస్తుంది.

మాంసం తినే ఇళ్ళలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. ఆదివారం కోడికూర రెండు పూటలా, సోమవారం నుంచి శనివారం దాకా చారూ పచ్చడీ. కొవ్వును దాచుకున్నట్టు మాంసకృత్తులను ఒళ్ళు దాచిపెట్టుకోలేదు. ఆదివారం మిగిలినది బుధవారానికి ఉండదు. రోజుకింత, పూటకింత అన్న వాటా పద్ధతి అందుకే మాంసకృత్తులకు మరీ ముఖ్యం. వయసు మళ్ళి కండ కరిగేవారికి ఇంకా ముఖ్యం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వేరు. వాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా పప్పూ మాంసమూ పెంచకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం తగ్గిస్తే మందు మోతాదు కూడా చూసుకోవాలి.

వడ్డన వరస కూడా కాస్త మారింది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల వారు మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టి చూశారు. కూరగాయలూ కోడిమాంసమూ ముందు తిని బ్రెడ్డు తర్వాత తిన్న రోజున, గంట తర్వాతి రక్తంలో చక్కెర మూడో వంతుకు పైగా తక్కువగా ఉంది. చిన్న ప్రయోగమే. కానీ ఖర్చు లేనిది, చెయ్యడం తేలిక. అందుకే అన్నం కంటే ముందు కూర ఉత్తదే నాలుగు ముద్దలు తినడం మొదలైంది. "ఉత్తి కూరా?" అని అమ్మ మొదటిరోజు నొచ్చుకుంది. ఆవిడ చేతి ఉప్పూ కారమూ అన్నంలోకి వేసినవి. ఉత్తగా తినే కూరకు ఉప్పు తగ్గించాలని వారం రోజుల్లో ఆవిడే కనిపెట్టింది. అడక్కుండానే ఆ ఇంట్లో ఉప్పు కూడా తగ్గింది.

అన్నం ఒకటిన్నర పిడికిళ్ళకు వచ్చింది. ఒక పిడికిలి పప్పులోకి, అర పిడికిలి పెరుగులోకి. చారు గ్లాసులో. మాస్టారు మొదట్లో అలిగారు, ఆకలి వేస్తోందన్నారు, రెండో వారంలో ఒకరాత్రి వంటింట్లో చీకట్లో అటుకులు తింటూ కనిపించారు. ఆమె ఏమీ అనలేదు. కూరా పప్పూ ఇంకాస్త పెంచింది. మూడు నెలలకు 7.9 కాస్తా 7.1 అయింది. మాత్రలూ వాడుతున్నారు కాబట్టి అందులో కంచం పాలెంతో విడదీసి చెప్పలేం.

అయితే ఈ మొత్తంలో ఆమెను నిద్రపోనివ్వనిది మరో లెక్క. త్రాసు తెచ్చిన ఆ మొదటిరోజే, అందరి భోజనాలూ అయ్యాక, మూడు గంటల వేళ అమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. త్రాసు ఇంకా గట్టు మీదే ఉంది. ఎందుకో ఆమె ఆ కంచాన్నీ తూచింది. అన్నం 380 గ్రాములు. పప్పుగిన్నె అడుగున అంటుకున్నది కలుపుకున్న ఒక ముద్ద. వేపుడు అయిపోయింది. ఊరగాయ, చారు, పలచని మజ్జిగ. మాంసకృత్తులు మొత్తం పన్నెండు గ్రాములు. రాత్రీ ఇలాగే, పొద్దున రెండు ఇడ్లీలు అనుకుంటే రోజుకు ముప్పై దాటవు. కావలసింది నలభై ఆరు. అమ్మకు చక్కెర జబ్బు లేదు. అందుకే ఆవిడ కంచాన్ని ఎవరూ ఎప్పుడూ తూచలేదు. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కితే ఆయాసం, నీరసం, వీటిని వయసు ఖాతాలో రాసేశారు ఇంటిల్లిపాదీ, కూతురితో సహా. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన అంకెను ఆమె ఎన్నోసార్లు చదివింది. తన వంటింట్లో పీట మీద కూర్చున్న మనిషితో దాన్ని కలిపి ఎన్నడూ చూడలేదు. వయసు 49 దాటితే లెక్కలోంచే జారిపోతారు.

వాటా అనే మాట అప్పుడు ఆమెకు ఇంకోలా వినిపించింది. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు వాడే మాట అది. అందులో తగ్గించడమనే అర్థం లేదు, రావలసింది రావడమనే అర్థం ఉంది. నాన్నగారి కంచంలో ఎక్కువైన అన్నమూ అమ్మ కంచంలో రాని పప్పూ ఒకే వంటింటి లెక్కలో రెండు తప్పులు. చివరన తినే మనిషికి ఏది మిగిలితే అదే వాటా అయినంతకాలం ఏ పట్టికా ఆ ఇంటిని బాగుచెయ్యదు. ఆమె నాయనమ్మ సోల మీద వేసిన గుప్పెడు ముక్కూమొహం తెలియని అతిథికి. వండిన చేతికి మాత్రం ఎవరూ గుప్పెడు తీసిపెట్టలేదు.

ఇప్పుడు ఒంటిగంటకు ముగ్గురూ కలిసే కూర్చుంటున్నారు. గిన్నెలన్నీ బల్ల మధ్యలో, వడ్డన ఎవరిది వాళ్ళదే. ముద్దపప్పును మాస్టారు ముందే మూడు చిన్న గిన్నెల్లోకి సరిగ్గా పంచుతారు, లెక్కలవారు కనక అంచు తేడా రానివ్వరు. మొన్న ఆదివారం తోటకూర పప్పు. తన గిన్నె ఖాళీ అయ్యాక అమ్మ అలవాటు కొద్దీ చారు వైపు చెయ్యి చాచింది. ఆయన పెద్ద గిన్నెలో మిగిలిన పప్పు గరిటెతో తీసి, అటు వంగి, ఆవిడ కంచం మీద పట్టుకున్నారు.

"చాలండీ, మీరు వేసుకోండి," అంటూ అమ్మ కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఆయన గరిటె వెనక్కి తీసుకోలేదు. "నా వాటా అయిపోయింది. ఇది నీదే," అన్నారు.

కాసేపు ఆ గరిటె అలాగే గాల్లో ఉంది, ఒక బొట్టు ఆవిడ వేళ్ళ మీద పడింది. అమ్మ చెయ్యి తీసింది.